చెడు కబురుకు కుర్చీ వేయండి!

గౌతమి ఎక్స్‌ప్రెస్ రాజమండ్రి స్టేషన్‌లోకి వచ్చేసరికి ఇంకా పూర్తిగా తెల్లారలేదు. భుజానికి లాప్‌టాప్ సంచీ, చేతిలో చిన్న బ్యాగు... అంతే సామాను. ఆటో దిగి గేటు తీస్తున్న మేనకోడల్ని చూసి, పూలకుండీలకు నీళ్లు పోస్తున్న మావయ్య ఆశ్చర్యపోయారు.

'పండగ లేదు, పెళ్లి లేదు... ఏంటమ్మా ఇలా ఊడిపడ్డావు?'

'నిన్ను చూడాలనిపించింది మావయ్యా, వచ్చేశా.'

ఆ జవాబు నిజమే. కానీ మొత్తం నిజం కాదని ఆయనకు అర్థమైపోయింది. ముప్ఫై ఆరేళ్లు బ్యాంకులో పనిచేసి రిటైరైన మనిషి. కౌంటరు ముందు నిలబడ్డవాళ్ల మొహం చూసి, డబ్బు వేయడానికొచ్చారో, తీసుకోవడానికొచ్చారో, అప్పు అడగడానికొచ్చారో చెప్పేయగలరు. అయినా ఏమీ అడగలేదు. స్నానం అయింది. అత్తయ్య వేసిన మొదటి పెసరట్టు అయింది. రెండోది పళ్లెంలో పడేసరికి ఆ అమ్మాయి కళ్లలో నీళ్లు తిరిగాయి. అల్లం పచ్చడి ఘాటు అనుకుంది అత్తయ్య. కాదని మావయ్యకు తెలుసు.

ఆమెకు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఆర్నెల్ల కిందటే టీమ్ లీడర్ అయింది. తన కింద తొమ్మిదిమంది. ఓ విదేశీ కంపెనీ వినియోగదారులకు బిల్లులు వేసే ప్రోగ్రామును పరీక్షించి, ఎలా ఉందో రిపోర్టు ఇవ్వడం వాళ్ల పని. గురువారం సాయంత్రం టీమ్‌లో అందరికన్నా చిన్నవాడు, కాలేజీ నుంచి వచ్చి ఏడాది కూడా నిండనివాడు, ఆమె దగ్గరికొచ్చి నసుగుతూ నిలబడ్డాడు. గడువు తేదీ సెలవు రోజున పడితే, సకాలంలో డబ్బు కట్టినవాళ్లకు కూడా ఆలస్య రుసుము పడుతోందట. ప్రోగ్రాము వాడకంలోకి వచ్చి అప్పటికే మూడు నెలలు. అంటే ఎక్కడో ఎవరో చేయని తప్పుకు జరిమానా కడుతున్నారు.

ఆమె వెంటనే పై మేనేజరుకు చెప్పింది. ఆయన విన్నాడు. తలుపు దగ్గరగా వేశాడు. 'వచ్చే వారమే కాంట్రాక్టు పొడిగింపు. అదయ్యాక నెమ్మదిగా సరిచేద్దాం. సోమవారం పంపే రిపోర్టులో మాత్రం ఇది వద్దు' అన్నాడు. ఆ రిపోర్టు మీద ఉండేది ఆమె సంతకం!

'చెబితే కాంట్రాక్టు పోతుందేమో. పోతే నా తొమ్మిదిమందిలో ఎంతమంది ఉద్యోగాలు ఉంటాయో తెలీదు. నా ఫ్లాట్ వాయిదాలు సరేసరి. చెప్పకపోతే... రెండ్రోజులుగా నిద్ర పట్టట్లేదు మావయ్యా. ఏం చేయమంటావు?'

మావయ్య చెయ్యి కడుక్కుని లేచారు. పుస్తకాల బీరువా తలుపు తీశారు. వంటింట్లోంచి అత్తయ్య నవ్వు వినిపించింది. 'అయిపోయింది! ఆకలేస్తోందన్నా మీ మావయ్య పుస్తకమే ఇస్తారు.'

మన ఊరి రాకెట్టు కథ

సలహా అడిగినవాళ్లకు పుస్తకం ఇవ్వడం ఆయనకు ఉద్యోగంలో అబ్బిన అలవాటు. చివరి కొన్నేళ్లు బ్యాంకు శిక్షణ కేంద్రంలో కొత్త మేనేజర్లకు పాఠాలు చెప్పారు. అందుకోసం చదవడం మొదలుపెట్టి, తర్వాత చదవకుండా ఉండలేకపోయారు. ప్రతి పుస్తకంలోనూ పాత చలానా కాగితాల ముక్కలు గుర్తుగా పెట్టి ఉంటాయి. మార్జిన్లలో పెన్సిలు రాతలు.

మొదట తీసింది అందరికీ తెలిసిన పుస్తకమే. అబ్దుల్ కలాం ఆత్మకథ 'వింగ్స్ ఆఫ్ ఫైర్'. 1999లో వచ్చింది. 'ఒక విజేత ఆత్మకథ' పేరుతో తెలుగులోనూ దొరుకుతుంది.

'ఇది స్కూల్లోనే బహుమతిగా ఇచ్చారు మావయ్యా.'

'పిల్లలు విజయం కోసం చదువుతారు. ఉద్యోగస్తులు ఓటమి కోసం చదవాలి' అంటూ కాగితం ముక్క ఉన్నచోట తెరిచారు.

1979 ఆగస్టు 10. మన శ్రీహరికోట నుంచి ఎస్‌ఎల్‌వీ-3 పైకి లేచింది. ప్రాజెక్టు డైరెక్టర్ కలాం. రెండో దశలో అదుపుతప్పి రాకెట్టు బంగాళాఖాతంలో పడింది. తర్వాత జరిగిన సమీక్షలో కలాం లేచి నిలబడి బాధ్యత తనదేనన్నారు. ప్రయోగానికి ముందే బయటపడిన ఓ లీకేజీని అంత ప్రమాదకరం కాదని తాను అంచనా వేయడమే పొరపాటని ఒప్పుకున్నారు. ఇంకో సంగతి ఆయన తర్వాత ఎన్నో సభల్లో చెప్పుకున్నారు. ఆ రోజు విలేకరుల ముందుకు వెళ్లింది కలాం కాదు, ఇస్రో ఛైర్మన్ సతీశ్ ధావన్. ఓటమి తన ఖాతాలో వేసుకుని, తన బృందం మీద నమ్మకం ఉందని చెప్పి వచ్చారాయన. 1980 జులై 18న రోహిణి ఉపగ్రహం కక్ష్యలోకి చేరింది. ఈసారి విలేకరుల ముందుకు కలాంనే వెళ్లమన్నారు!

'నాయకత్వం గురించి వెయ్యి పేజీలు చదివినా ఇంతకు మించి ఏముంటుందమ్మా? మాట పడాల్సి వస్తే తను ముందుకు, పూలదండ వస్తే తను వెనక్కి. అలాంటి పెద్ద ఉన్నచోట కింది మనిషి తప్పును దాచడు. నీ మేనేజరు తలుపు దగ్గరగా వేశాడన్నావు చూడు... ధావన్ గారు తలుపు తీసుకుని బయటికొచ్చారు. తేడా అంతే.'

గోడ మీది నిజాయతీ

రెండో పుస్తకం లావుగా ఉంది. బెథనీ మెక్‌లీన్, పీటర్ ఎల్కిండ్ అనే ఇద్దరు పాత్రికేయులు 2003లో రాసిన 'ది స్మార్టెస్ట్ గైస్ ఇన్ ద రూమ్'. అమెరికాలోని ఎన్రాన్ కంపెనీ ఎలా కూలిందో చెప్పే పుస్తకం.

ఎన్రాన్‌కు అప్పట్లో ఉన్న పేరు అంతా ఇంతా కాదు. 'ఫార్చ్యూన్' పత్రిక వరసగా ఆరేళ్లు అమెరికాలో అత్యంత వినూత్నమైన కంపెనీగా దాన్ని ఎంపిక చేసింది. గౌరవం, నిజాయతీ, సంభాషణ, శ్రేష్ఠత... ఇవీ ఆ కంపెనీ చాటుకున్న విలువలు. నీతి నియమావళే 60 పేజీలు దాటింది. కానీ లోపల అప్పుల్ని లెక్కల్లో కనపడకుండా వేరే సంస్థల పేరిట దాచేశారు. 2001 ఆగస్టులో షెరాన్ వాట్కిన్స్ అనే ఉన్నతోద్యోగిని ఈ లెక్కలు కంపెనీని ముంచేస్తాయని ఛైర్మన్‌కు లేఖ రాసింది. మొదట రాసింది తన పేరు లేకుండా! అదే ఏడాది డిసెంబరు 2న ఎన్రాన్ దివాలా పిటిషన్ వేసింది. వేలమంది ఉద్యోగాలతోపాటు, కంపెనీ షేర్లలో పెట్టుకున్న రిటైర్మెంట్ సొమ్మూ పోగొట్టుకున్నారు.

'అంత పెద్ద హోదాలో ఉన్న మనిషి కూడా పేరు లేకుండా ఎందుకు రాసిందంటావు?' అడిగారు మావయ్య.

'భయం.'

'అదీ! సంభాషణ అని గోడ మీద రాసుకున్న ఆఫీసులో మాట్లాడటానికి భయం. ఏ ఆఫీసుకైనా వెళ్లు. గోడ మీద రాసింది చదవకు. మీటింగులో అందరికన్నా చిన్న ఉద్యోగి నోరు తెరిస్తే మిగతావాళ్ల మొహాలు చూడు. ఆ సంస్థ అసలు విలువలు అక్కడ రాసి ఉంటాయి.'

ఆ పుస్తకం చివరి అట్టలో మడతపెట్టిన వార్తాపత్రిక కత్తిరింపు ఒకటి ఉంది. 2009 జనవరి నాటిది. చెప్పకముందే ఆ అమ్మాయికి తెలిసింది, అది సత్యం కంప్యూటర్స్ వార్త.

ఆ పేరు వింటే ఒకప్పుడు తెలుగువాళ్లు ఛాతీ విరుచుకునేవారు. మన ఊళ్లలోని ఇంజినీరింగ్ కుర్రాళ్లకు అమెరికా దారి చూపిన కంపెనీల్లో అదొకటి. మంచి కార్పొరేట్ పాలనకు 2008 సెప్టెంబరులో 'గోల్డెన్ పీకాక్' పురస్కారం కూడా వచ్చింది. నాలుగు నెలలైనా తిరక్కుండానే, 2009 జనవరి 7న, కంపెనీ అధిపతి స్వయంగా లేఖ రాశారు. లెక్కల్లో చూపిన వేలకోట్ల రూపాయలు నిజానికి లేవని! మొదట్లో అసలు లాభానికీ, చూపిన లాభానికీ ఉన్న తేడా చిన్నదేననీ, ఏళ్లు గడిచేకొద్దీ అది అదుపులేనంతగా పెరిగిపోయిందనీ అందులో ఒప్పుకున్నారు. పురస్కారం వెనక్కి తీసుకున్నారు. ప్రభుత్వం కొత్త బోర్డును వేసింది. ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా ఆ కంపెనీని కొనుక్కుంది. 2015 ఏప్రిల్‌లో హైదరాబాద్‌లోని ప్రత్యేక కోర్టు పదిమందిని దోషులుగా తేల్చి ఏడేళ్ల జైలుశిక్ష వేసింది.

'వేలకోట్ల అబద్ధం ఒక్కరోజులో పుట్టలేదమ్మా. ఈసారికి ఇలా కానిద్దాం, వచ్చే మూడునెలల్లో సరిచేద్దాం అన్న చిన్న మాటతో పుట్టింది.'

ఆ అమ్మాయి ఉలిక్కిపడింది. గురువారం సాయంత్రం తను విన్న మాటా దాదాపు అదే.

నలభైమందిలో ఎంతమంది?

మధ్యాహ్నం భోజనాలయ్యాయి. పనసపొట్టు కూర, మజ్జిగ పులుసు. ఆ అమ్మాయి మనసులో ఉన్న ప్రశ్న అప్పుడు బయటికొచ్చింది.

'పెద్ద పెద్దవాళ్ల కథలు బాగానే ఉన్నాయి. కానీ నేను చిన్నదాన్ని కదా మావయ్యా. పైవాడు చెప్పాడు, నేను చేశాను. తప్పు నాదెలా అవుతుంది?'

జవాబుగా మూడో పుస్తకం వచ్చింది. స్టాన్లీ మిల్‌గ్రామ్ 1974లో రాసిన 'ఒబీడియెన్స్ టు అథారిటీ'. ఆయన మనస్తత్వ శాస్త్రవేత్త. 1961లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో తన ప్రయోగాలు మొదలుపెట్టాడు. జ్ఞాపకశక్తి మీద పరిశోధన అని చెప్పి మామూలు మనుషుల్ని పిలిచాడు. పక్కగదిలో ఉన్న వ్యక్తి జవాబు తప్పు చెప్పినప్పుడల్లా ఓ మీట నొక్కి కరెంటు షాకు ఇవ్వాలి. 15 వోల్టులతో మొదలై ఒక్కో మెట్టూ పెరుగుతూ 450 దాకా. నిజానికి షాకు లేదు. పక్కగదిలో ఉన్నది నటుడు. ఆ సంగతి మీట నొక్కేవాళ్లకు తెలీదు. అవతలి నుంచి కేకలు వినపడుతుంటే వాళ్లకు చెమటలు పట్టాయి. ఆపేద్దామన్నారు. పక్కనే కోటు వేసుకుని కూర్చున్న పరిశోధకుడు కొనసాగించమని ప్రశాంతంగా చెప్పాడు. అంతే. బాగా పేరుపడ్డ ఆ ప్రయోగంలో నలభైమందిలో ఇరవై ఆరుగురు ఆఖరి మీట దాకా వెళ్లారు!

'వాళ్లెవరూ దుర్మార్గులు కారు. మనలాంటి సంసారులే. పెద్దాయన చెప్పాడు కదా, బాధ్యత ఆయనదే అనుకున్నారు. నువ్వు ఇప్పుడన్న మాటే.'

ఆమె తలొంచుకుంది. 'అయితే మనుషులంతా ఇంతేనా?'

'కాదమ్మా. అందరూ ఇక్కడితో పుస్తకం మూసేస్తారు. అసలు సంగతి ఇంకాస్త ముందుంది' అంటూ ఇంకో కాగితం ముక్క దగ్గర తెరిచారు. మిల్‌గ్రామ్ ఆ ప్రయోగాన్నే రకరకాలుగా మార్చి చేశాడు. ఒకదాంట్లో మీట నొక్కే మనిషి పక్కన మరో ఇద్దరిని కూర్చోబెట్టాడు. కాసేపయ్యాక ఒకరి తర్వాత ఒకరు ఆ ఇద్దరూ, ఇక మావల్ల కాదని పక్కకు తప్పుకుంటారు. అది ముందుగా అనుకున్న ఏర్పాటే. అప్పుడు నలభైమందిలో చివరిదాకా వెళ్లినవాళ్లు నలుగురే నలుగురు!

'ఇరవై ఆరు ఎక్కడ, నాలుగు ఎక్కడ? ఎవరూ ఉపన్యాసం ఇవ్వలేదు. పక్కవాళ్లు కాదన్నారు, అంతే. నీ టీమ్‌లో ఆ కుర్రాడు ఇప్పటికే ఒకడు. రెండోదానివి నువ్వు అవుతావా లేదా అన్నదే ప్రశ్న.'

తప్పులు ఎక్కువగా చెప్పే వార్డు

నాలుగో పుస్తకం ఎమీ ఎడ్మండ్సన్ 2018లో రాసిన 'ది ఫియర్‌లెస్ ఆర్గనైజేషన్'. టీమ్ లీడర్లకు మొట్టమొదట ఇవ్వాల్సింది ఇదేనంటారు మావయ్య.

ఆవిడ హార్వర్డ్ బిజినెస్ స్కూల్ ప్రొఫెసర్. 1990లలో, ఇంకా పరిశోధన చేస్తున్న రోజుల్లో, ఆసుపత్రుల్లో మందులు ఇవ్వడంలో జరిగే పొరపాట్ల మీద అధ్యయనం చేసింది. కలిసికట్టుగా పనిచేసే మంచి బృందాల్లో తప్పులు తక్కువుంటాయని అనుకుంది. లెక్కలు చూస్తే తలకిందులు! మంచి బృందాల్లోనే ఎక్కువ తప్పులు నమోదయ్యాయి. ఎందుకా అని ఇంకాస్త లోతుకు వెళ్తే అర్థమైంది. వాళ్లు ఎక్కువ తప్పులు చేయడం లేదు, చేసినవి దాచకుండా చెబుతున్నారు. పెద్ద నర్సు మొహం చూసి వణికిపోయే వార్డుల్లో కాగితం మీద తప్పులు తక్కువ. అంటే అక్కడ తప్పులు లేవని కాదు, పైకి రావడం లేదని. తెలియనిది అడిగినా, తప్పు ఒప్పుకున్నా తనను ఎవరూ చులకన చేయరన్న ధీమాకు ఆవిడ 'సైకలాజికల్ సేఫ్టీ' అన్న మాట వాడింది. ఆ మీద 1999లో రాసిన పరిశోధన పత్రంతో ఆ మాట ఆఫీసుల్లోకి పాకింది. తర్వాత కొన్నేళ్లకు గూగుల్ సంస్థ తన దగ్గరున్న 180 బృందాలను పరిశీలించినప్పుడు, మంచి బృందాన్ని మంచి బృందంగా నిలబెట్టే వాటిలో మొదటి స్థానం ఈ ధీమాకే దక్కింది.

'అయితే అందరినీ ముద్దు చేయాలా మావయ్యా? పని ఎలా అవుతుంది?'

'అది కాదు. పనిలో గట్టిగానే ఉండు. గడువు గడువే. నాణ్యత నాణ్యతే. తప్పు తెచ్చి చెప్పినవాణ్ని మాత్రం తిట్టకు. తిడితే తప్పు ఆగదు, చెప్పడం ఆగుతుంది.'

అలా అని ఆయన కాసేపు మాట్లాడలేదు. వక్కపొడి డబ్బా మూత తీసి, వేసుకోకుండానే మళ్లీ మూసేశారు.

పాలు లేని కాఫీ

ఆ తర్వాత చెప్పింది పుస్తకంలోది కాదు. ఇంట్లో అత్తయ్యకు తప్ప ఎవరికీ తెలియని కథ.

1980లలో మాట. ఆయన మేనేజరుగా మొదటి బ్రాంచి. పొలాల మధ్య చిన్న ఊరు. కంప్యూటర్లు లేవు. లెడ్జర్లు, చేతి లెక్కలు. కొత్తగా వచ్చిన గుమస్తా ఓ డ్రాఫ్టులో అంకె తప్పు రాశాడు. పదిమంది ఖాతాదారుల ముందు మావయ్య లెడ్జరు బల్ల మీద విసిరికొట్టి, చదువుకునే వచ్చావా అని అరిచారు. ఆ అబ్బాయి మొహం ఎర్రబడింది. ఆ రోజు నుంచి బ్రాంచిలో ఎవరూ తప్పులు చేయలేదు. కనీసం ఆయన అలాగే అనుకున్నారు. తన క్రమశిక్షణకు మురిసిపోయారు కూడా!

తొమ్మిది నెలల తర్వాత ఓ ముసలి రైతు వచ్చాడు. పంట అప్పు తీర్చేసిన రసీదు చేతిలో ఉంది. 'బాబూ, మా మనవడు లెక్క వేస్తే వడ్డీ ఎక్కువయిందంటున్నాడు. కుర్రనాయాలు, వాడికేం తెలుసు. ఓసారి మీరు చూడండి' అన్నాడు. చూశారు. మనవడి లెక్కే నిజం. వడ్డీ తగ్గిస్తూ వచ్చిన సర్క్యులర్‌ను కొన్ని ఖాతాలకు వర్తింపజేయలేదు. ఒక్కటి కాదు, నలభై మూడు ఖాతాలు!

గుమస్తాను పిలిచారు. అతనికి అయిదు నెలల కిందటే తెలుసు.

'ఎందుకు చెప్పలేదయ్యా?'

'మీరు తిడతారని సార్.'

ఆ రాత్రి ఆయనకు అన్నం సహించలేదు. మర్నాడు పై ఆఫీసుకు ఉన్నదున్నట్లు రాశారు. మెమో వచ్చింది. ఎక్కువగా వసూలైన డబ్బు రైతులకు తిరిగి ఇప్పించారు. కబురు చేస్తే వాళ్లే వచ్చేవారు. కానీ ఆయన గుమస్తాను సైకిలు మీద ఎక్కించుకుని ఇంటింటికీ తిరిగారు. ప్రతి ఇంట్లోనూ, తప్పు నాది అనే చెప్పారు, గుమస్తాది అనలేదు.

ముసలి రైతు ఇంటికి చివర్లో వెళ్లారు. ఆయన డబ్బు లెక్కపెట్టి మొలలో దోపుకున్నాడు. కూర్చోమని మంచం వాల్చాడు. ఆయన భార్య రెండు గ్లాసుల్లో కాఫీ తెచ్చింది. నల్లగా ఉంది. 'పాలు లేవు బాబూ, ఏమీ అనుకోకండి. ఆ అప్పు కట్టడానికి గేదెను అమ్మేశాం' అంది. నిష్ఠూరం లేదు. మామూలుగా చెప్పింది.

'వడ్డీ డబ్బు తిరిగిచ్చాను. గేదెను తిరిగివ్వలేకపోయాను. నేను అరిచిన ఆ ఒక్క అరుపు ఖరీదు ఇంకెవరో కట్టారమ్మా.'

ఆ వారమే బజారుకెళ్లి ఓ చెక్క కుర్చీ కొన్నారు. తన బల్లకు ఎదురుగా కాదు, పక్కన వేశారు. లోపలికి వచ్చినవాళ్లు ఎవరైనా, ఆఖరికి అటెండరైనా, కూర్చున్నాకే మాట మొదలుపెట్టాలి. నిలబడి చెప్పేవాడు సగమే చెబుతాడని ఆయన నమ్మకం. గుమస్తా ఆ కుర్చీలో మొదటిసారి కూర్చోవడానికి నెల పట్టింది. రిటైరయ్యేదాకా ఎన్ని ఊళ్లు బదిలీ అయినా ఆయన బల్ల పక్కన ఓ కుర్చీ ఉండేది.

పేరు అంటే పొదుపు ఖాతా

ఆదివారం పొద్దున ఇద్దరూ పుష్కరాల రేవు దాకా నడిచారు. గోదావరి నిండుగా ఉంది. ఆ అమ్మాయి చివరి అనుమానం అడిగింది. 'నిజం చెబితే కంపెనీ పేరు పోతుందంటున్నారు మావయ్యా మా మేనేజరు.'

అయిదో పుస్తకం గురించి నడుస్తూనే చెప్పారాయన. చార్లెస్ ఫోంబ్రన్ 1996లో రాసిన 'రెప్యుటేషన్'. యంత్రాలు, భవనాల్లాగే మంచి పేరు కూడా ఓ సంస్థకు ఆస్తేనని వివరించిన పుస్తకం. ఆ మాట చదివినప్పుడల్లా ఆయనకు టైలెనాల్ కథ గుర్తొస్తుంది.

1982 శరత్కాలం. అమెరికాలోని షికాగో చుట్టుపక్కల ఏడుగురు హఠాత్తుగా చనిపోయారు. వాళ్లు వేసుకున్న టైలెనాల్ గొట్టాల్లో ఎవరో సైనైడ్ కలిపారు. కలిపింది ఫ్యాక్టరీలో కాదు, దుకాణాలకు చేరాక అని దర్యాప్తులో తేలింది. అంటే జాన్సన్ అండ్ జాన్సన్ కంపెనీ చేసిన తప్పు కాదు. చేతులు దులుపుకోవచ్చు. కానీ దేశమంతటా మూడుకోట్ల పైచిలుకు సీసాలు వెనక్కి తెప్పించింది. ఖర్చు పదికోట్ల డాలర్లు దాటింది. ఎవరైనా ముట్టుకుంటే తెలిసిపోయేలా కొత్త ప్యాకింగుతో మళ్లీ మార్కెట్లోకి వచ్చింది. ఆ మందు పని అయిపోయిందనుకున్నవాళ్లు ఆశ్చర్యపోయేలా, పోయిన అమ్మకాల్లో చాలాభాగం ఏడాది తిరిగేసరికి రాబట్టుకుంది. 1943లోనే ఆ కంపెనీ ఓ ప్రమాణపత్రం రాసుకుంది. అందులో మందు వాడేవాళ్లది మొదటి స్థానం, వాటాదారులది చివరి స్థానం. 1970లలో జేమ్స్ బర్క్ అనే ఉన్నతాధికారి, దీన్ని నమ్ముతున్నామా లేదా తేల్చండంటూ మేనేజర్లతో సమావేశాలు పెట్టి చర్చకు పెట్టాడు. టైలెనాల్ కష్టం వచ్చేసరికి కంపెనీ పగ్గాలు ఆయన చేతిలోనే ఉన్నాయి.

'అయితే ఆ కంపెనీ మంచిదన్నమాట.'

'ఆ రోజున మంచి పని చేసింది. ఆ కంపెనీయే తర్వాత బేబీ పౌడరు విషయంలో వేలాది కేసులు ఎదుర్కొంది. తమ పౌడరు సురక్షితమేనని వాదిస్తూనే, 2023లో టాల్క్ పౌడరు అమ్మకాలను ప్రపంచమంతటా ఆపేసింది. అందుకే చెబుతున్నా... పేరు అనేది ఫిక్స్‌డ్ డిపాజిట్ కాదు, ఓసారి వేసి మర్చిపోవడానికి. పొదుపు ఖాతా! రోజూ వేస్తుండాలి. తీసేది మాత్రం ఒక్కరోజులో తీసేయొచ్చు.'

కాసేపు నదిని చూశారు. తర్వాత ఆయనే అన్నారు. 'నువ్వు ఏం చేయాలో నేను చెప్పనమ్మా. వాయిదాలు కట్టేది నువ్వు. ఒకటి మాత్రం అడుగుతా. అక్కడ ఆలస్య రుసుము కడుతున్నవాళ్లలో ఎవరింట్లో గేదె ఉందో నీకు తెలుసా?'

సోమవారం

రైలు రాత్రికి. పుస్తకాలు పట్టడానికి అత్తయ్య ఓ గుడ్డసంచీ ఇచ్చింది, పైన పూతరేకుల ప్యాకెట్టు పెట్టి. ఏది ముందు చదవాలో మావయ్య చెప్పారు. మొదట ఎడ్మండ్సన్, ఎందుకంటే మంగళవారం నుంచి అది పనికొస్తుంది. తర్వాత కలాం, ఓటమి ఉన్న పేజీలు. మిల్‌గ్రామ్ రాత్రిపూట వద్దు, నిద్ర పట్టదు. ఎన్రాన్ పుస్తకం నవలలా చదువుకుపోవచ్చు. ఫోంబ్రన్ పుస్తకం ఎప్పుడో మేనేజరు అయ్యాక చదివినా సరిపోతుంది.

ప్లాట్‌ఫాం మీద నిలబడే ఆమె ఆ కుర్రాడికి ఫోన్ చేసింది. 'రేపటి రిపోర్టులో నువ్వు చెప్పింది పెడుతున్నా. కనిపెట్టింది నువ్వేనని రాస్తున్నా. ఇన్నాళ్లూ పట్టుకోలేకపోయిన తప్పు మాత్రం నాదని రాస్తా' అంది. అవతల కాసేపు నిశ్శబ్దం. తర్వాత 'థాంక్యూ అక్కా' అన్న మాట. గొంతు వణికింది.

సోమవారం పొద్దున రిపోర్టు పంపే ముందు మేనేజరుకు చూపించింది. ఆయనకు కోపం వచ్చింది. మీద పడేది తనమీదే పడనివ్వమని చెప్పింది. తప్పు సరిచేసే పద్ధతీ, రుసుము పడ్డవాళ్ల జాబితా తీసే దారీ టీమంతా కూర్చుని ఆ పొద్దున్నే సిద్ధం చేశారు. అవి కూడా రిపోర్టుతో జతచేసింది. ఆయన చాలాసేపు చదివాడు. పంపమని చెప్పలేదు. వద్దనీ అనలేదు. ఆమె పంపేసింది.

కథల్లో అయితే ఆ సాయంత్రమే ప్రశంసలు కురవాలి. అలాంటిదేం జరగలేదు. అవతలి కంపెనీ బోలెడన్ని ప్రశ్నలడిగింది. కాంట్రాక్టు నెలరోజులు ఆలస్యమైంది. మూడేళ్లు అనుకున్నది ఏడాదికే వచ్చింది. టీమ్‌లో ఇద్దరిని వేరే ప్రాజెక్టుకు మార్చారు. ఆమెకు ఆ ఏడాది రావాల్సిన రేటింగు రాలేదు. అన్యాయంగా రుసుము కట్టినవాళ్లకు మాత్రం డబ్బు వెనక్కి వెళ్లింది.

ఆ సంగతి చెబుదామని ఆమె రాజమండ్రి ఫోన్ చేసింది. మావయ్య అంతా విన్నారు. రేటింగు గురించి ఏమీ అనలేదు. 'నిద్ర పడుతోందా?' అనడిగారు.

'పడుతోంది మావయ్యా. ఇంకోటి తెలుసా? నిన్న మా టీమ్‌లో ఇద్దరు వచ్చి వాళ్ల తప్పులు వాళ్లే చెప్పారు. ఒకటైతే ఆర్నెల్ల నాటిది!'

'కూర్చుని చెప్పారా, నిలబడి చెప్పారా?'

ఆమె నవ్వింది. బల్ల పక్కన ఖాళీగా ఉన్న కుర్చీ వైపు చూసింది. మీటింగు గదిలోంచి తను స్వయంగా లాక్కొచ్చుకున్న కుర్చీ అది.

'కూర్చునే చెప్పారు మావయ్యా.'